పెట్టెలో ముక్కలుగా వచ్చిన మ్యాచ్ ఎయిర్ రైఫిల్‌ని మొదటిసారి బిగించుకోవడం ఎలా?

మ్యాచ్ ఎయిర్ రైఫిల్, అంటే గాలి పీడనంతో పెల్లెట్ (చిన్న సీసపు గుళిక) కొట్టే పోటీ రైఫిల్, చేతికొచ్చిన రోజు అందరూ చేసే పనే నేనూ చేశాను. క్లబ్‌లో ఒక సీనియర్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. పెట్టె తెరిస్తే బ్యారెల్ (గొట్టం) ఒకచోట, స్టాక్ (రైఫిల్ దేహం) ఒకచోట, భుజానికి ఆనే బట్ ప్లేట్, చెంప ఆనే చీక్ పీస్, గురి చూసే సైట్లు, గాలి నింపే సిలిండర్ అన్నీ విడివిడిగా ఫోమ్‌లో దిగబడి ఉన్నాయి. అరగంటలో అన్నీ బిగించేసి, అద్దం ముందు నిలబడి చూసుకుని, మర్నాడు రేంజ్‌కి పోయాను. క్లబ్ వాళ్ల పాత రైఫిల్‌తో వందకి తొంభై కొట్టేవాణ్ని, లక్షలు పోసి కొన్నదానితో ఎనభై రెండు కొట్టాను. రైఫిల్‌లో లోపం లేదు. దాన్ని బిగించానే తప్ప, నాకు బిగించుకోలేదు.

ఈ రెండింటికీ ఉన్న తేడా గురించే ఇదంతా. స్క్రూలు తిప్పడం అరగంట పని. మీ మెడ, భుజం, చేయి పొడవులకు ఆ రైఫిల్‌ని అమర్చుకోవడానికి మాత్రం మూడు నాలుగు వారాలు పడుతుంది.

ముందు చట్టం సంగతి చెప్పుకుందాం. తూటా పేల్చే రైఫిల్‌ని విడిభాగాలు తెచ్చి ఇంట్లో బిగించుకోవడం మన దేశంలో హాబీ కాదు, నేరం. 1959 ఆయుధాల చట్టం కింద తయారీకే కాదు, మరమ్మతుకు కూడా లైసెన్సు కావాలి. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఏఆర్ రైఫిల్ బిగించుకుని ఫొటోలు పెడుతుంటారు. అక్కడి చట్టాలు వేరు, అవి కూడా రాష్ట్రానికో తీరుగా ఉంటాయి. ఇక్కడ ఆ సరదా తీరేది ఎయిర్ రైఫిల్‌తోనే. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం బోరు 4.5 మి.మీ. దాటకుండా, శక్తి 20 జౌళ్లు మించకుండా ఉంటే లైసెన్సు అక్కర్లేదు. పది మీటర్ల పోటీలకు వాడే మ్యాచ్ రైఫిల్ శక్తి సుమారు ఏడున్నర జౌళ్లు. అలాగని బొమ్మ అనుకోకండి. ఆ దెబ్బకు కన్ను పోతుంది. బిల్లు, కొన్న కాగితాలు పెట్టెలోనే ఒక కవర్లో పెట్టండి. దారిలో ఎవరైనా ఆపి అడిగితే వెతుక్కోనక్కర్లేదు.

దుప్పటి పరిచి మొదలుపెట్టండి

మంచం మీద వద్దు. నేల మీద పాత దుప్పటి పరుచుకుని కూర్చోండి. చిన్న స్క్రూ జారినా దొరుకుతుంది. పిల్లలు ఆ గదిలో ఉండకూడదు. పెల్లెట్ల డబ్బా కూడా ఆ గదిలో ఉండకూడదు.

రైఫిల్‌ని తాకగానే చేయాల్సిన పని ఒకటే: కాకింగ్ లివర్ (పెల్లెట్ ఎక్కించడానికి తెరిచే మీట) తెరిచి, లోపల పెల్లెట్ లేదని కంటితో చూసి, సేఫ్టీ ఫ్లాగ్ దూర్చడం. బ్యారెల్ పొడవునా వెళ్లి అవతల కొంచెం బయటికి కనిపించే రంగు ప్లాస్టిక్ తీగనే ఫ్లాగ్ అంటారు. అది లేని రైఫిల్‌ని రేంజ్‌లో పెట్టెలోంచి తియ్యనివ్వరు. ఇంట్లోనూ అదే అలవాటు చేసుకోండి. నాకు నేర్పిన కోచ్ అనేవారు, ‘ఖాళీ రైఫిల్ అనేది లేదు, నువ్వు ఇప్పుడే చూసిన రైఫిల్ మాత్రమే ఉంది’ అని.

పనిముట్లు పెద్దగా అవసరం లేదు. మంచి రకం అలెన్ కీల (ఆరు మూలల పానాల) సెట్టు ఒకటి, మెత్తటి గుడ్డ, సన్న మార్కర్, నోట్‌బుక్ ఉంటే చాలు. అలెన్ కీల దగ్గర కక్కుర్తి పడకండి. చవక కీ మూలలు అరిగిపోయి స్క్రూ తలను గుండ్రంగా చేసేస్తుంది. ఆ స్క్రూ ఇక్కడ ఏ హార్డ్‌వేర్ షాపులోనూ దొరకదు. ఈ పాఠం నేను డబ్బులిచ్చి నేర్చుకున్నాను.

ముందు బ్యారెల్, యాక్షన్ (పెల్లెట్ ఎక్కించి పేల్చే యంత్రాంగం) ఉన్న భాగాన్ని స్టాక్‌లో కూర్చోబెట్టండి. మధ్యలో ఇసుక రేణువు కూడా లేకుండా తుడవాలి. స్క్రూలు ఒకటి పూర్తిగా బిగించి ఇంకొకటి పట్టుకోకూడదు. కారు చక్రం నట్లు బిగించినట్టు, దీన్ని కొంచెం, దాన్ని కొంచెం, మార్చి మార్చి బిగించాలి. ఎంత బలంగా బిగించాలో మాన్యువల్‌లో న్యూటన్ మీటర్లలో రాసి ఉంటుంది. అంత బలానికే బిగించే టార్క్ రెంచ్ ఉన్నవాళ్లు క్లబ్‌లో ఒకరైనా ఉంటారు, అడిగి తెచ్చుకోండి. చేతి అంచనాతో బిగిస్తే ఈ వారం ఒక బిగువు, వచ్చే వారం ఇంకో బిగువు. పెల్లెట్లు తగిలే చోటు కూడా అలాగే మారుతుంది.

సిలిండర్ దగ్గర తొందర పనికిరాదు

రైఫిల్‌లో నిజంగా జాగ్రత్తగా చూసుకోవాల్సింది ఇదే. బ్యారెల్ కింద గొట్టంలా ఉండే సిలిండర్‌లో గాలిని 200 బార్ (బార్ అంటే పీడనం కొలత) దాకా నింపుతారు. కారు టైరులో ఉండేది రెండు బార్ చిల్లర. దాంతో పోల్చి చూడండి.

సెకండ్ హ్యాండ్ అయితే ముందు సిలిండర్ మీద చెక్కిన తేదీ చూడండి. సాధారణంగా తయారీదారులు పదేళ్ల గడువు ఇస్తారు. గడువు దాటినదాన్ని పోటీలో వాడనివ్వరు. గడువులో ఉందో లేదో చూసుకునే బాధ్యత నిబంధనల ప్రకారం షూటర్‌దే. నేను కొన్నప్పుడు ఈ సంగతి తెలియక బేరంలో అడగనే లేదు. ఆరు నెలలకే కొత్త సిలిండర్ కొనాల్సి వచ్చింది. మీరు బేరమాడేటప్పుడు మొదటి ప్రశ్న అదే అడగండి.

సిలిండర్‌ని చేత్తోనే తిప్పి బిగించాలి, పానా వాడకూడదు. మరలు అడ్డం పడి ఎక్కుతున్నట్టు అనిపిస్తే ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ మొదలుపెట్టండి. మూతి దగ్గరుండే రబ్బరు రింగు ఎండిపోయినట్టుంటే తయారీదారు చెప్పిన గ్రీజు కొద్దిగా రాయండి. కుట్టుమిషన్ నూనె, కొబ్బరి నూనె లాంటివి దగ్గరికి కూడా రానీయొద్దు. ఇంత పీడనం దగ్గర మామూలు నూనెకు నిప్పంటుకునే ప్రమాదం ఉంది.

గాలి నింపడం మొదటి రెండు మూడు సార్లు రేంజ్‌లో, తెలిసినవాళ్లు పక్కనుండగా చేయండి. అక్కడ పెద్ద స్కూబా సిలిండర్ ఉంటుంది. దాని వాల్వ్‌ని కొంచెం కొంచెం తెరవాలి. గబుక్కున తెరిస్తే మన సిలిండర్ వేడెక్కుతుంది. మీటర్ 200 చూపించినా, చల్లారాక 180కి దిగి కూర్చుంటుంది. నిండిన తర్వాత, రెండు సిలిండర్లనూ కలిపే అడాప్టర్‌లో చిక్కుకున్న గాలిని బ్లీడ్ స్క్రూతో వదిలి, ఆ ‘స్‌స్’ చప్పుడు పూర్తిగా ఆగాకే సిలిండర్ విప్పండి.

ఇంటికి తెచ్చి రైఫిల్‌కి తగిలించి, మీటర్ ముల్లు ఎక్కడుందో ఫోన్‌లో ఫొటో తీసి పడుకోండి. పొద్దున చూస్తే ముల్లు అక్కడే ఉండాలి. దిగిందంటే లీకు ఉన్నట్టే. దాన్ని మీరు విప్పి చూడకండి, సర్వీసుకు ఇవ్వండి. ఇంకో మాట: మన ఎండల్లో, అద్దాలు మూసిన కారులో నిండు సిలిండర్‌ని వదిలి వెళ్లకండి. విమానంలో వెళ్లాలంటే పూర్తిగా ఖాళీ చేసి, ఎయిర్‌లైన్‌కి ముందే చెప్పుకోవాలి.

ఇప్పుడు అసలు పని: మీకు అమర్చుకోవడం

గగన్ నారంగ్ హైదరాబాద్‌లో పెరిగినవాడు, భారీ మనిషి. అభినవ్ బింద్రా సన్నగా ఉంటాడు. ఇద్దరూ ఇదే పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో ఒలింపిక్ పతకాలు తెచ్చారు. బింద్రాకి 2008లో స్వర్ణం, నారంగ్‌కి 2012లో కాంస్యం. ఒకరికి అమరిన రైఫిల్ ఇంకొకరి భుజానికి అమరదు. అలాంటిది సీనియర్ వాడిన సెట్టింగ్ మీకు ఎలా కుదురుతుంది? కాబట్టి సెకండ్ హ్యాండ్ రైఫిల్ మీద పాత యజమాని గీసుకున్న గుర్తులు ఏవైనా ఉంటే తుడిచేయండి. అవి చూస్తే మనసు అటే పోతుంది.

షూటింగ్ జాకెట్, ప్యాంటు, బూట్లు, గ్లవ్ అన్నీ వేసుకునే అమర్చుకోవాలి. చాలామంది లుంగీ మీదో టీషర్ట్ మీదో అమర్చుకుని, జాకెట్ వేసుకున్నాక ‘బట్ ప్లేట్ ఎందుకు దూరమైంది’ అని తల పట్టుకుంటారు. కాన్వాస్ జాకెట్ మందం భుజం దగ్గర కొలతను మార్చేస్తుంది. జాకెట్ ఇంకా రాలేదా? అయితే ఈ భాగాన్ని అది వచ్చేదాకా ఆపండి.

నిలబడే పద్ధతి రాకుండా రైఫిల్ అమర్చడం అంటే పాదం కొలవకుండా చెప్పు కుట్టించుకోవడమే. కుడిచేతి వాటం వాళ్లకు చెబుతున్నాను, ఎడమచేతి వాళ్లు తిప్పి చదువుకోండి. టార్గెట్‌కి ఎడమ పక్క చూపిస్తూ, పాదాలు భుజాల వెడల్పులో పెట్టి నిలబడాలి. ఎడమ తుంటిని కొంచెం ముందుకు, టార్గెట్ వైపు తోస్తే, ఎడమ మోచేయి ఆ తుంటి ఎముక మీదో, దాని పైన పక్కటెముకల మీదో ఆనుతుంది. రైఫిల్ బరువు అరచేతిలోంచి ముంజేతి ఎముక మీదుగా తుంటికి, అక్కడి నుంచి కాలికి దిగాలి. కండ మోయకూడదు. నిబంధనల ప్రకారం రైఫిల్ అయిదున్నర కిలోల దాకా ఉండొచ్చు. పోటీలో దాన్ని 60 సార్లు ఎత్తాలి. కండతో మోస్తే ఇరవయ్యో షాట్ నుంచే చేయి వణుకుతుంది.

ఇలా నిలబడి, రైఫిల్‌ని భుజంలో ఆనించి, కళ్లు మూసుకోండి. మెడ ఎక్కడ హాయిగా ఉందో అక్కడే ఉంచండి. తల నిటారుగా, అద్దంలో చూసుకుంటున్నట్టు ఉండాలి. ఇప్పుడు కళ్లు తెరవండి. వెనక సైట్ రంధ్రం మీ కంటికి ఎదురుగా ఉందా? కింద ఉంటే రైఫిల్ పైకి రావాలి, అంటే బట్ ప్లేట్‌ని కిందికి దించాలి. సైట్ పైన ఉంటే బట్ ప్లేట్‌ని పైకి జరపాలి. తలను వంచి సైట్ దగ్గరికి తీసుకెళ్లకూడదు. సైటే కంటి దగ్గరికి రావాలి. ఈ ఒక్క మాట పట్టుకుంటే మిగతావన్నీ దాని వెనకే వస్తాయి.

తర్వాత బట్ పొడవు, అంటే స్టాక్ వెనక భాగం ఎంత పొడవుండాలన్నది. ట్రిగ్గర్ మీద చూపుడువేలి మొదటి కణుపు మెత్తటి భాగం తిన్నగా ఆనాలి, వేలు గ్రిప్‌ని రాసుకోకూడదు. అలా ఆనాలంటే కుడి భుజం ముందుకు లాగాల్సి వస్తోందా? బట్ పొడవు ఎక్కువైంది. మోచేయి ఇరుక్కుని మణికట్టు మడత పడుతోందా? తక్కువైంది. ట్రిగ్గర్ బ్లేడ్‌ని కూడా ముందుకీ వెనక్కీ జరపొచ్చు. కానీ ముందు బట్ పొడవు తేల్చుకుని, చివర్లో దాన్ని ముట్టుకోండి.

చీక్ పీస్ చివర. దవడ ఎముక దాని మీద బరువుగా వాలాలి, నొక్కుకోకూడదు. పరీక్ష ఇలా చేయండి: కళ్లు మూసి చెంప ఆనించి, పది లెక్కపెట్టి, కళ్లు తెరవాలి. వెనక సైట్ రంధ్రం మధ్యలోంచి ముందు సైట్‌లోని రింగు కనిపించాలి. అయిదుసార్లలో నాలుగుసార్లు అలా కనిపిస్తే కుదిరినట్టే. మా క్లబ్‌లో ఒక అమ్మాయికి చెంప కొంచెం బొద్దుగా ఉంటుంది. చీక్ పీస్‌ని నాలుగు మిల్లీమీటర్లు బయటికి జరిపితే చాలు అని తెలియడానికి ఆమెకు రెండు నెలలు పట్టింది. అన్నాళ్లూ సైట్‌లో సగం నల్లగా కనిపిస్తుంటే కంటి డాక్టర్ చుట్టూ తిరిగింది పాపం.

ఒకసారికి ఒకటే మార్చండి. మార్చే ముందు స్కేల్ మీది అంకె నోట్‌బుక్‌లో రాయండి. మార్చాక కనీసం రెండు రోజులు దానితోనే కొట్టండి. నేను ఒక రాష్ట్ర స్థాయి పోటీకి నాలుగు రోజుల ముందు బట్, చీక్ పీస్, గ్రిప్, ఎడమ అరచేతి కింద ఆనే దిమ్మ నాలుగూ ఒకే సాయంత్రం మార్చాను. మర్నాడు ఎక్కడ చెడిందో తెలియలేదు, వెనక్కి వెళ్దామంటే పాత అంకెలు రాసుకోలేదు. ఆ పోటీ సంగతి వదిలేయండి.

సైట్లు

వెనక సైట్‌ని రైఫిల్ పైనున్న పట్టాల మీద ఎక్కించి, కనురెప్పల వెంట్రుకలు తగలనంత దూరంలో, అలాగని మెడ చాచక్కర్లేనంత దగ్గరలో ఆపండి. ముందు సైట్ గొట్టంలో వేసే రింగు సైజు దగ్గర కొత్తవాళ్లు పొరపాటు పడతారు. సన్న రింగు (లోపలి రంధ్రం చిన్నగా ఉన్నది) వేస్తే గురి బాగా కుదురుతుందనుకుంటారు. టార్గెట్ మీది నల్ల వలయం అడ్డకొలత 30.5 మి.మీ. ఉంటుంది. రింగు సన్నగా ఉంటే ఆ నలుపుకీ రింగుకీ మధ్య తెల్లటి సందు దారం పోగంత అయిపోతుంది. మీ శరీరం ఇంకా ఊగుతోంది కాబట్టి అంత సన్న సందు క్షణక్షణం కనిపించీ మాయమై టెన్షన్ పెడుతుంది. వెడల్పు రింగుతో మొదలుపెట్టండి. 4 మి.మీ. లేదా అంతకు కాస్త పైన ఉన్నది సరిపోతుంది. ఊపు తగ్గాక సన్నదానికి రావొచ్చు.

ఎడమ కన్ను మూయకండి. మూస్తే కుడికన్ను కూడా కుంచించుకుంటుంది, పది నిమిషాలకే అలసిపోతుంది. ఎడమ కంటికి అడ్డంగా పాలపొర లాంటి తెల్ల ప్లాస్టిక్ ముక్క తగిలించండి.

రైఫిల్ పక్కకు ఒరిగిందో లేదో చూడటానికి ఇంట్లోనే చిట్కా ఉంది. గుమ్మానికి పైనుంచి ఒక దారం కట్టి, కింద చిన్న రాయి వేలాడదీయండి. తాపీ మేస్త్రీ వాడే తూకం గుండు అన్నమాట. మీరు రైఫిల్ పట్టుకుని నిలబడితే ఇంకొకరు వెనకనుంచి ఆ దారంతో పోల్చి ఫొటో తీయాలి. కొంచెం ఒరిగినా ఫర్వాలేదు, చాలామంది అలాగే కొడతారు. కానీ ప్రతి షాట్‌కీ అంతే ఒరగాలి.

మొదటి గ్రూపింగ్

రేంజ్‌లో బల్ల మీద ఇసుక సంచి పెట్టి, రైఫిల్ దానిమీద ఆనించి, కూర్చుని అయిదు షాట్లు కొట్టండి. అవి పడిన గుంపునే గ్రూపు అంటారు. మధ్యలో సైట్ ముట్టుకోవద్దు. మొదటి షాట్ ఏడో రింగులో పడగానే సైట్ నాబ్ తిప్పే చేతులున్నాయి చూశారూ, వాటిని జేబులో పెట్టుకోండి. అయిదూ పడ్డాక వాటి నడిబొడ్డు ఎక్కడుందో చూసి, అప్పుడు తిప్పాలి. ఎటు తిప్పితే ఎటు పోతుందన్నది కంపెనీని బట్టి మారుతుంది. నాబ్ మీద ఉండే అక్షరాలు చాలావరకు జర్మన్ మాటలవి, వాటిని ఊహించి తిప్పితే తికమకే. పది క్లిక్కులు ఒకవైపు తిప్పి మళ్లీ అయిదు కొట్టండి. గ్రూపు ఎటు, ఎంత జరిగిందో మీ కళ్లముందే ఉంటుంది. ఆ లెక్క నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి.

పెల్లెట్లు ముందు భాగం చదునుగా ఉండే రకం, సుమారు 0.53 గ్రాములవి తీసుకోండి. డబ్బా మీద 4.49, 4.50 అని తల సైజు ఉంటుంది. రెండు మూడు సైజులు తెచ్చి, ఇసుక సంచి మీదే పదేసి కొట్టి, ఏది దగ్గరగా పడుతోందో చూడండి. ఖరీదైనదే మీ బ్యారెల్‌కి నచ్చాలనేం లేదు.

గ్రూపు బొటనవేలి గోరంత లోపలికి వచ్చి, మధ్యకు చేరాక లేచి నిలబడి కొట్టండి. ఒక్కసారిగా అరచేయంత వెడల్పున చెల్లాచెదురవుతుంది. భయపడకండి, అది మీరు, రైఫిల్ కాదు. పది రింగు అర మిల్లీమీటరు చుక్క. దాన్ని పెల్లెట్ అంచు తాకినా పదే. కానీ ఆ చుక్క కోసం మొదటి నెలలో సైట్ తిప్పుకుంటూ కూర్చోవద్దు.

పోటీ రోజు మాత్రం సైట్‌ని నమ్మకండి, చూసుకోండి. బీజింగ్‌లో బింద్రా ఫైనల్‌కి ముందు ప్రాక్టీస్ షాట్లు కొడితే సైట్ తన స్థానంలో లేదట, ఎవరో తిప్పారని అనుమానం, ఆ కొద్ది నిమిషాల్లోనే సరిచేసుకున్నానని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. మనకు ఎవరూ తిప్పక్కర్లేదు. ఆటోలో వస్తూ పెట్టె గోతిలో ఎగిరిపడినా చాలు. అందుకే కుదిరిన సెట్టింగ్ దగ్గర నాబ్ మీద మార్కర్‌తో సన్న గీత పెట్టుకోండి.

ట్రిగ్గర్ బరువు, అంటే దాన్ని నొక్కడానికి పట్టే బలం గురించి అందరూ అడుగుతారు. కంపెనీ పెట్టిన దగ్గరే ఉంచండి. కొత్తలో బాగా తేలిక చేస్తే వేలు ఆనించకముందే పేలిపోతుంది, ఆ ఉలికిపాటు అలవాటైతే వదిలించుకోవడం కష్టం. దాని బదులు ఇంట్లో రోజూ డ్రై ఫైర్ చేయండి. మ్యాచ్ రైఫిళ్లలో పెల్లెట్ లేకుండా, గాలి వదలకుండా ట్రిగ్గర్ మాత్రం పనిచేసే సదుపాయం ఉంటుంది. గోడకి చిన్న నల్ల చుక్క అంటించి, జాకెట్ వేసుకుని, రోజుకి ముప్పై నలభై సార్లు. గోడ అవతల ఎవరూ తిరగని గది చూసుకోండి, పెల్లెట్ లేదని తెలిసినా సరే.

ముగించాక లివర్ తెరిచి, కంటితో చూసి, ఫ్లాగ్ దూర్చి, చెమట తగిలిన చోట్ల పొడిగుడ్డతో తుడవండి. సిలిండర్‌ని పూర్తిగా ఖాళీ చేసి దాచకండి, కొంత గాలి ఉంటే లోపలికి తేమ, దుమ్ము పోవు. పెట్టెకి తాళం వేయండి. తాళం చెవి పెట్టె మీదే వదిలేసే అలవాటు మా ఇంట్లో ఒకరికి ఉండేది. ఇప్పుడది నా పర్సులో ఉంటుంది.